ఫటీగ్‌కు చెయ్యెత్తకు

ఉరుకు.

ఇంకా తెల్లారలేదు. యాదగిరిగుట్ట చుట్టూ వేసిన రోడ్డు మీద ఉన్నావు. ఇవాళ స్వాతి నక్షత్రం. గిరిప్రదక్షిణకు వచ్చినవాళ్లతో రోడ్డు నిండిపోయింది. చెప్పుల్లేని పాదాల చప్పుడు, "నమో నారసింహ" అంటున్న గొంతులు, కర్పూరం వాసన. వాళ్ల మధ్య సందు చూసుకుని దూసుకుపోతున్నావు. ఒక ముసలమ్మ పక్కకు జరిగి, "ఉరుకు బిడ్డా, దేవుడు యాడికి పోతడు" అంటుంది. తలెత్తితే గుట్ట మీద విమాన గోపురం బంగారు తాపడం లైట్ల వెలుగులో మెరుస్తూ కనబడుతుంది. తలెత్తకు, అడుగు తప్పుతుంది. మలుపు దగ్గర మిల్ట్రీ తాత గడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"డబల్! డబల్!"

మొదటిరోజు ఈ మాట విని ఆగిపోయావు. "ఏంది తాతా డబల్? రెండు రౌండ్లా?" అని అడిగావు. ఆయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. "డబల్ అంటే ఉరుకుడే. ఫౌజుల మాటలు మొదలు కాళ్లకు తెల్వాలె. నెత్తికి తర్వాత తెలుస్తయి."

1.6 కిలోమీటర్లు. 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే 60 మార్కులు. 10 పుల్లప్స్ తీస్తే ఇంకో 40. ఆపైన 9 అడుగుల కందకం దూకాలి. ఊపిరి గొంతులో గీరుకుంటోంది. తాతను దాటావు. ఆయన గడియారం నొక్కాడు. 5 నిమిషాల 41. ఏమీ అనలేదు, నీళ్ల సీసా మాత్రం చేతికిచ్చాడు.

2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చాక కొలువు లెక్క మారింది. నాలుగేళ్లు చేయిస్తారు, తర్వాత నూటికి 25 మంది దాకానే ఉంచుకుంటారు. అది నీకు తెలుసు, మీ అమ్మకూ తెలుసు. అయినా ఎందుకు ఉరుకుతున్నావని తాత అడగడు. గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం సూర్యాపేటలో ఉంది. పెళ్లికని పోయినవాడివి బస్సు దిగి ఆ విగ్రహం ముందు ఎంతసేపు నిలబడ్డావో ఆయనకు చెప్పావు.

తాత చెప్పే పాఠం ఒకటే. "ఫౌజుల ఎవ్వడేమడిగినా చెయ్యెత్తకు. మల్ల చెప్తున్న, చెయ్యెత్తకు."

ర్యాలీ రోజు ఛాతీకి నంబరు కట్టుకుని, బ్యాచ్ మొత్తం మోచేతులతో పొడుస్తుంటే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు తిరుగుతావు. చివరి గీత దగ్గర జవాన్లు తాడు పట్టుకుని కాచుకున్నారు. టైమ్ అయిపోగానే తాడు అడ్డంగా లేస్తుంది. నీ వెనక వస్తున్నవాడి కడుపుకు తగిలింది ఆ తాడు. నీకు తగల్లేదు. వెనక్కి తిరిగి వాడి ముఖం చూడాలా వద్దా? చూశావు. చాలారోజులు ఆ ముఖం నిద్రలో వస్తుంది.

ఇప్పుడు గోల్కొండ, ఆర్టిలరీ సెంటర్. గుట్ట నుంచి రెండు మూడు గంటల బస్సు ప్రయాణమే. తలమీద వెంట్రుకల్లేవు. నల్ల ట్రంకు పెట్టె మీద నీ పేరు తెల్లరంగుతో ఇంకా తడిగా ఉంది. ఎదురుగా ఇస్త్రీ చెదరని యూనిఫాంలో హర్యానా ఉస్తాద్.

"రంగ్‌రూట్!"

ఇటూ అటూ చూస్తావు. ఇక్కడ అందరూ రంగ్‌రూట్లే. రిక్రూట్ అనే ఇంగ్లిష్ మాట పల్లె నోళ్లలో నానీ నానీ ఇలా తేలింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే పంజాబు ఊళ్లలో ఈ మాట ఉంది. తోపుల కార్ఖానా కట్టిన ఫ్రెంచి దొర మొస్యూర్ రేమండ్‌ను మూసారాం చేసి, ఆయన పేరిట మూసారాంబాగ్‌ను నిలబెట్టిన హైదరాబాదులో నీకు ఇది వింతగా అనిపించకూడదు.

"సమఝ్ గయే?" అంటున్నాడు ఉస్తాద్.

నీకు హిందీ వచ్చు. వచ్చనే అనుకుంటున్నావు. "హౌ సర్!" అంటావు గట్టిగా.

మైదానం ఒక్కసారి చప్పుడు మానేసింది. ఉస్తాద్ నీ ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గరికొచ్చాడు. హౌ అంటే అవునని ఆయనకు తెలియదు. ఎలా అని ఇంగ్లిష్‌లో ఎదురడుగుతున్నావని అనుకున్నాడు. "హౌ? మై బతాతా హూఁ హౌ." చెప్పలేదు, చూపించాడు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు మొగ్గలేస్తూ పో. మూడో మొగ్గకు ఆకాశం ఎటుందో మర్చిపోతావు. దీన్ని ఫ్రంట్ రోల్ అంటారు. నువ్వొక్కడివే కాదు, టోలీ మొత్తం నీతోపాటు దొర్లుతోంది. ఈ మొత్తం కార్యక్రమం పేరు రగడా. గట్టిగా రుద్దడం. పళ్ల మధ్య ఇసుక కరకరమంటుంటే ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరినీ అడగక్కర్లేదు.

తప్పు నీది, మిగతావాళ్లు ఎందుకు దొర్లాలి? రోషం వస్తుంది. రానీ. రేపు తోపు చుట్టూ నిలబడేవాళ్లలో ఒకడి చెయ్యి తడబడితే పోయేది ఒక్కడు కాదు. ఆ సంగతి ఇక్కడెవరూ బోర్డు మీద రాసి చెప్పరు. అందరి మోకాళ్లూ చెక్కుకుపోయేదాకా దొర్లిస్తారు.

నీ పక్కన దొర్లుతున్నవాడు అచ్చంపేట పిల్లగాడు. టోలీలో తెలుగువాళ్లు మీరిద్దరే. ముఖమంతా మట్టి, కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. "అన్నా, ఉతికినంక పిండి ఆరేస్తరా?" అంటాడు గుసగుసగా. నవ్వొస్తుంది. నవ్వావు. ఇంకో వరుస దొర్లు.

నాలుగో రోజు మధ్యాహ్నం. ఎండ నెత్తిన ఉంది, కాళ్లు నిలబడనంటున్నాయి. ఉస్తాద్ ఎన్నడూ లేని మెత్తని గొంతుతో అడుగుతాడు. "ఫటీగ్ కే లియే కౌన్ కౌన్ జాయేగా?"

ఇంటర్‌లో చదివావు. ఫెటీగ్ అంటే అలసట. అలసిపోయినవాళ్లను నీడకు పంపిస్తాడన్నమాట. తాత మాట చెవిలో మోగింది. చెయ్యి మాత్రం దానంతట అదే లేచింది. అచ్చంపేటోడి చెయ్యీ లేచింది. మిగతావాళ్లెవరూ కదల్లేదు. వాళ్లకు అన్నలో మామలో ఫౌజులో ఉన్నారు.

పది నిమిషాల్లో కొడవలి పట్టుకుని గొంతుకూర్చుని గడ్డి కోస్తున్నావు. ఫటీగ్ అంటే చాకిరీ. గడ్డి కోయాలి, దారి పక్క రాళ్లకు సున్నం వేయాలి, బస్తాలు మోయాలి, ఉల్లిగడ్డలు పొట్టు తీయాలి. ఇంగ్లిష్ సైన్యంలోనూ దీనికి ఇదే పేరు, ఇదే అర్థం. అమెరికా సైన్యంలో వంటింటి చాకిరీకి కిచెన్ పోలీస్ అని పేరు పెట్టుకున్నారు. ఆలుగడ్డలు చెక్కుతూ కూర్చున్న కుర్రాడికి పోలీసు అనిపించుకోవడంలో ఏదో ఒక ఊరట ఉండే ఉంటుంది. గడ్డి అంచు వేలి మీద సన్నగా గీసుకుపోతుంది. రక్తం బొట్టును నాలుకతో తుడుచుకుని కొయ్యి.

ఈ మాటలు ఎవరో కూర్చుని తయారుచేసినవి కావు. భయపడ్డవాడో అలసినవాడో ఎప్పుడో అన్నది, పక్కవాడు నవ్వి మోసుకుపోయింది. అందుకే నేర్పరు. అంటుకుంటాయి.

"లంగర్ చలో!" అని కేక. గోల్కొండలో ఓడ ఎక్కడిది అనుకుంటావు. మన లంగరు ఓడను ఆపుతుంది, వీళ్ల లంగర్ ఆకలిని. గురుద్వారాలో అందరికీ అన్నం పెట్టే చోటు పేరు అది. ఫౌజులో వంటశాలకూ అదే పేరు. వండేవాడు లాంగ్రీ. నీ బ్యాటరీ ఏదని హవల్దార్ అడిగితే ఫోను కోసం జేబు తడుముకోకు. కాల్బలంలో కంపెనీ ఎలాగో తోపుల దళంలో బ్యాటరీ అలాగ. ఒళ్లు వేడిగా ఉందా? సిక్ రిపోర్ట్ చేసుకో. కానీ నీ ముందున్నవాడికి కాలి నొప్పి, నీకు జ్వరం, ఇద్దరి చేతిలోనూ ఒకే రంగు మాత్ర పడితే ఆశ్చర్యపోకు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లిష్ సిపాయిలకు ఏ రోగమన్నా ఇచ్చే విరేచనాల మాత్ర నంబరు తొమ్మిది. బ్రిటన్‌లో బింగో ఆడించేవాళ్లు తొమ్మిది అంకె పడితే ఇప్పటికీ డాక్టర్స్ ఆర్డర్స్ అని అరుస్తారు. వందేళ్ల కిందటి సిపాయి కడుపునొప్పి అది.

లంగర్లో పళ్లెం ముందు కూర్చో. రొట్టెలు, పప్పు. నిన్నా అవే, మొన్నా అవే. అచ్చంపేటోడు పప్పు గిన్నెలోకి రోజూ చూసినట్టే చూస్తాడు. కళ్లు మూసుకుంటాడు. "పులుసు" అంటాడు. చింతపండు పులుసు, ఎండుమిర్చి తాలింపు, పక్కన వేడన్నం. ఒక్క మాటే అంటాడు. మీ ఇద్దరి నోళ్లూ ఊరుతాయి. తర్వాత రొట్టె తుంచుకుని పప్పులో ముంచుతారు.

బారక్‌లో లైట్లు ఆర్పాక వాడు కారణం లేకుండా నవ్వుతాడు. ఆపుకోలేకపోతాడు. నీకు భయమేస్తుంది. మీ తోపుల బడి నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో ఉంది. బ్రిటిష్ కాలంలో అక్కడ ఇంటికి పోయే సిపాయిలుండే శిబిరం ఉండేది. ఓడలు చలికాలంలోనే వచ్చేవి. అప్పటిదాకా పనిలేదు, ఎండ ఉంది, జ్వరాలున్నాయి. కొందరికి తల తిరిగిపోయేది. దేవ్‌లాలీ తాప్ తగిలిందనేవారు తోటివాళ్లు. మతి తప్పినవాడిని ఇంగ్లిష్‌లో ఇవాళ్టికీ డూలాలీ అనేది అందుకే. లేచి వాడి మంచం దగ్గరికి పో. ఏమీ మాట్లాడకు. పక్కన కూర్చో. కాసేపటికి నవ్వు ఆగుతుంది, ముక్కు ఎగబీల్చడం వినిపిస్తుంది. అదీ ఆగుతుంది.

వారాలు గడిచి క్యాంపు వచ్చింది. ఊరవతల, గుండ్రాళ్ల మధ్య గుడారాలు. సాయంత్రం హవల్దార్ అందరినీ దగ్గరికి పిలిచి గొంతు తగ్గిస్తాడు. ఇవాళ రాత్రి సంకేతం, అడిగేవాడు "ఇమ్లీ" అనాలి. వచ్చేవాడు "మిర్చీ" అనాలి. ఇంకేదన్నా లోపలికి రానివ్వొద్దు.

ఇది ఆటలా ఉందనుకోకు. 1944లో నార్మండీలో దిగిన అమెరికన్ సిపాయిలకు ఒకడు ఫ్లాష్ అంటే ఇంకొకడు థండర్ అనాలని చెప్పారు. చీకట్లో ముఖం కనబడదు. ప్రాణం నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద ఉంటుంది.

అంతకుముందు ఒక కేక వేయాలి. మిల్ట్రీ తాత గుట్ట దగ్గర నీకు దాన్ని పాత పద్ధతిలో చేసి చూపించాడు. రెండు కాళ్లు ఎడంచేసి, "హుకుందార్!" అని అరిచాడు. చెట్టుమీది కాకులు లేచిపోయాయి. ఎవరొస్తున్నారక్కడ అనే ఇంగ్లిష్ కేకను, హూ కమ్స్ దేర్ అనేదాన్ని, పాత సిపాయిలు నోటికి తిరిగినట్టు మలుచుకున్నది అది. హుకుం ఉంది, దర్జా ఉంది, ఇంగ్లిష్ మాత్రం లేదు. ఇప్పుడు ఆ కేక హిందీలో ఉంది. పొద్దంతా మనసులో అనుకుంటూనే ఉన్నావు.

రాత్రి ఒంటిగంట. నీ వంతు. మూడింటిదాకా.

రైఫిల్ చల్లగా ఉంది. మ్యాగజైన్ పౌచ్‌లో ఉంది. గార్డ్ కమాండర్ గుడారంలో బూట్లతోనే పడుకున్నాడు. చంద్రుడు లేడు. మొదట ఏమీ కనబడదు. తర్వాత అన్నీ మనుషుల్లా కనబడతాయి. ఆ గుండు కదిలిందా? కదల్లేదు. ఆ తంగేడు పొద? అదీ కదల్లేదు. కళ్లను నమ్మకు. చెవులతో చూడు.

కీచురాళ్లు అరుస్తున్నాయి.

ఆగాయి.

ఎందుకు ఆగాయి?

ఎండుటాకు నలిగింది. ఒకసారి. మళ్లీ.

అడవిపంది కావచ్చు. అరిస్తే క్యాంపంతా లేస్తుంది. పందిని చూసి అరిచాడని నెలరోజులు నవ్వుతారు. అరవకపోతే?

అడుగులు. రెండు కాళ్లవి. ఇటే.

నోరు ఎండిపోయింది. అరువు.

"థమ్!"

గొంతు చీలింది. అడుగులు ఆగలేదు.

"థమ్! కౌన్ ఆతా హై?"

ఆగాయి.

దోస్త్ అనాలి అవతలివాడు. అనలేదు. ఊపిరి వినబడుతోంది. వాడిదా? నీదా?

రైఫిల్ భుజానికొచ్చింది.

"హాథ్ ఊపర్!"

"నేనేరా."

తెలుగు. తెలిసిన గొంతు. మోకాళ్లు సడలాయి. రైఫిల్ కిందికి దిగబోయింది. దించకు. గొంతు సంకేతం కాదు.

"హాథ్ ఊపర్!"

"అన్నా, నేనే... గుట్టన్నా..."

"ఇమ్లీ."

చప్పుడు లేదు.

"ఇమ్లీ!"

చప్పుడు లేదు. సీటీ నోట్లో పెట్టుకున్నావు. ఊదితే వాడి పని అయిపోతుంది. ఊదకపోతే నీ పని. ఒకటి. రెండు.

చీకట్లోంచి వణుకుతూ వచ్చింది మాట.

"పులుసు."

కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కో. గట్టిగా. రైఫిల్ కదలనీయకు. ఊదు.

సీటీ ముగియకముందే నీ వెనక టార్చి వెలిగింది. గార్డ్ కమాండర్. నీ మొదటి కేకకే లేచి వచ్చి గుండు వెనక నిలబడ్డాడు. వెలుగులో అచ్చంపేటోడు, చేతులు రెండూ పైకెత్తి. ఒక చేతిలో నీళ్ల సీసా. చెప్పకుండా గీత దాటి బయటికి పోయాడు, తిరిగొచ్చే దారిలో భయానికి మిర్చీ ఎగిరిపోయింది. చింతపండు మాట వినగానే మూడు నెలలుగా నోట్లో నానుతున్నది బయటపడింది.

"యే పులుసు క్యా హోతా హై?" అని నిన్నే అడిగాడు గార్డ్ కమాండర్.

"ఇమ్లీ కా సాలన్, ఉస్తాద్."

ఆయన నవ్వలేదు. టార్చి నీ ముఖం మీద ఒక క్షణం నిలిపాడు. "సంతరీ, ఠీక్ కియా." అంతే. తర్వాత వాడివైపు తిరిగాడు. "మిర్చీ భూల్ గయా, పులుసు యాద్ హై?"

పొద్దున టోలీ మొత్తానికి రగడా. పిట్టూ వీపున వేసుకుని, ఆ బరువుతో గుండ్రాళ్ల చుట్టూ డబల్. వాడు ఏడుపు ముఖంతో ముందు ఉరుకుతున్నాడు. నువ్వు వాడి పక్కనే ఉన్నావు. రాత్రి రైఫిల్ దించనందుకు వాడు నీతో మాట్లాడతాడో లేదో తెలియదు. వెనక ఒక గఢ్వాలీ పిల్లగాడు రొప్పుతూ, "భాయ్, పులుసు మే నమక్ జ్యాదా హో గయా" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకడు. నవ్వుతూ ఉరకడం ఎంత కష్టమో మీకందరికీ ఇవాళే తెలిసింది. అచ్చంపేటోడు తల తిప్పి నిన్ను చూశాడు. "అన్నా, కాలుస్తవనుకున్న" అన్నాడు. "నేను గూడ" అన్నావు. ఇద్దరూ ఇంకో అడుగు వేశారు.

మధ్యాహ్నానికి మాట లంగర్ దాకా పాకింది. టోపీ మర్చిపోయినవాడు పులుసు. కుడివైపు తిరగమంటే ఎడమకు తిరిగినవాడు పులుసు. బిహారీ కుర్రాడు పూలుస్ అంటున్నాడు. హర్యానా ఉస్తాద్ డ్రిల్లు మధ్యలో, "ఓయ్ పులుసు, సీధా దేఖ్!" అని అరిస్తే మూడు తలలు ఒక్కసారి సర్దుకున్నాయి. ఆయనకు అర్థం ఎవరూ చెప్పలేదు. అవసరం పడలేదు.

చాయ్ మగ్గు చేతికందింది. పొగలు కక్కుతోంది. ఇంకా ఊదుకోనేలేదు, వరుసలో నిలబడమని బయట ఫాలిన్ కేక. రెండు నిమిషాలు. చాయ్ పారబోయాలా, తాగాలా? ఒక్క గుక్కలో మింగు, నాలుక కాలినా సరే. పిట్టూ భుజానికెత్తుకో. రైఫిల్ తీసుకో. బూటు తాడు మళ్లీ చూసుకో. గుడారంలోంచి బయటికి ఉరుకుతూ వెనక్కి చెయ్యి చాచి ఇంకో పిట్టూ కూడా అందుకో. అచ్చంపేటోడిది. మళ్లీ మర్చిపోయాడు.